ఎర్ర గీత పడకూడదని

బెంగళూరు శివార్లలోని గిలాదు మిషన్ ఆసుపత్రి రికార్డుల గదిలో రెండు కంప్యూటర్లు పక్కపక్కనే కూర్చుని డెబ్బై రోజులుగా పోటీ పడుతున్నాయి. కంప్యూటరును నడిపే సిస్టమ్ ఎడమవైపు దానిలో విండోస్ 98, కుడివైపు దానిలో లినక్స్. పగలూ రాత్రీ ఆపకుండా నడిపితే ఏది నిలబడుతుందో తేల్చడమే పోటీ. ఏది ఆగిపోతే దాని పేరు కింద రిజిస్టరులో ఒక ఎర్ర గీత పడుతుంది. రెండు వేల సంవత్సరం ఆగస్టు రెండో వారానికి విండోస్ కింద అయిదు గీతలున్నాయి. లినక్స్ కింద ముప్పై ఎనిమిది.

ఆ ముప్పై ఎనిమిదీ ఐజాక్ తన చేత్తో గీసినవే. గీసినప్పుడల్లా తన చెంప తనే వాయించుకున్నట్టుండేది. లినక్స్ ఆగదు అని కమిటీ ముందు నిలబడి మాట ఇచ్చినవాడు మరి అతనే.

ఐజాక్‌ది పలమనేరు. టైపిస్టుగా చేరి, ఆసుపత్రికి మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు దాని దగ్గర కూర్చునే ధైర్యం ఇంకెవరికీ లేకపోవడంతో కంప్యూటర్ ఇన్‌చార్జి అయ్యాడు. ఒక పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన సీడీలో అతనికి లినక్స్ పరిచయమైంది. ఇక చూడాలి, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాడి హుషారు. క్యాంటీన్లో టీ తాగేవాళ్లకు కూడా దాని గొప్పతనం బోధించేవాడు. పాపం, వాళ్లు టీ చల్లారేదాకా వినేవాళ్లు.

అయితే ఈ పరీక్ష వేడుకకు పెట్టింది కాదు. జనవరిలో ఒక కాన్పు కేసుకు రక్తం కావలసివచ్చింది. ఏ గ్రూపు సీసాలు ఎన్నున్నాయో రాసుకునే పుస్తకం బీరువాలో ఉంది, బీరువా తాళం చెవి చాపెల్లో ప్రార్థనకు వెళ్లిన మనిషి జేబులో ఉంది. ఆ మనిషిని వెతుక్కుంటూ పరుగెత్తింది ఐజాకే. సీసా లోపలికి చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆ పిల్లకు ఇరవై రెండేళ్లు. ఆమెను ముఖం మీద గుడ్డ కప్పి బయటికి తీసుకొచ్చినప్పుడు ఐజాక్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ తర్వాతే బ్లడ్ బ్యాంకు లెక్క కంప్యూటర్లోకి ఎక్కించాలని కమిటీ తీర్మానించింది. వైట్‌ఫీల్డ్ ఐటీ పార్కులో ఒక కంపెనీ తాము వాడి పక్కన పెట్టిన మిషన్లు దానంగా ఇచ్చింది. అందులో ఏ సిస్టమ్ వెయ్యాలన్నది మాత్రం తెగలేదు. అడ్మినిస్ట్రేటర్ శామ్సన్ గారికి విండోస్ అంటే నమ్మకం, వాళ్లింట్లో ఉన్నది అదే. ఐజాక్‌కు లినక్స్. చివరికి తొంభై రోజులు రెంటినీ పక్కపక్కన నడిపి, రిజిస్టరు ఏం చెబితే అది చేద్దామన్నారు.

రెండు మిషన్లకూ ఒకటే పని ఇచ్చాడు ఐజాక్. అయిదు నిమిషాలకోసారి ఒక లెక్క చేసి, టైముతో సహా డైరీ లాంటి ఫైల్లో రాసుకోవాలి, అంతే. చూపులకు మాత్రం రెంటికీ పోలికే లేదు. విండోస్ తెర మీద శామ్సన్ గారు పెట్టించిన పచ్చిక బొమ్మా రంగురంగుల గుర్తులూ ఎప్పుడూ కళకళలాడుతుండేవి. లినక్స్‌కు బొమ్మలెందుకు దండగ అని అతను ఉత్త అక్షరాలతోనే వదిలేశాడు. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే దాని తెర పూర్తిగా నల్లబడిపోయేది. లోపల మాత్రం పని నడుస్తూనే ఉండేది.

మొదటి వారం అతను అనుకున్నట్టే జరిగింది. పట్టపగలే విండోస్ మూడుసార్లు నీలి తెర చూపించి బిగుసుకుపోయింది. ప్రతిసారీ డబ్బా ముందున్న చిన్న బటన్ నొక్కి లేపి, ఎర్ర పెన్నుతో గీత గీశాడు. ఇళ్లలో పగలు వాడి రాత్రి ఆపేసేవాళ్లకు అది బంగారంలా పనిచేస్తుంది, రోజుల తరబడి కునుకు లేకుండా నడవమంటేనే దాని ఒంటికి పడదు అని శామ్సన్ గారికి వివరించాడు కూడా. గెలిచేవాడు చూపించే పెద్దమనసు అది.

రెండో వారం నుంచి అంతా తలకిందులైంది. పొద్దున ఎనిమిదికి వచ్చేసరికి విండోస్ పచ్చిక బొమ్మతో నవ్వుతుండేది. లినక్స్ మాత్రం రోజు విడిచి రోజు మంచాన పడి ఉండేది. డిస్కు దెబ్బతిన్నది, సరిచెయ్యాలి, పాస్‌వర్డ్ చెప్పు అని అడుగుతూ ఆగిపోయేది. ఒక్కోసారి తనంతట తనే లేచేది గానీ, ఎంతసేపటినుంచి మేలుకున్నావని కమాండు కొట్టి అడిగితే గంటా పదిహేను నిమిషాలు అనేది. అంటే రాత్రంతా నడిచింది కాదన్నమాట. అదీ గీతే.

శామ్సన్ గారు చాపెల్ నుంచి వస్తూ రోజూ గదిలోకి తొంగిచూసేవారు. "బ్రదర్, మీ లినక్స్ ఇవాళైనా లేచిందా, ఇంకా సమాధిలోనే ఉందా?" ఐజాక్ నవ్వలేక నవ్వేవాడు.

ముందు కరెంటు మీద అనుమానపడ్డాడు. యూపీఎస్ మార్చాడు. ఎలుకలేమోనని వైర్లకు గొట్టాలు తొడిగాడు. డిస్కే పాడైందేమోనని కొత్త డిస్కు వేశాడు. గీతలు పడుతూనే ఉన్నాయి. అన్నం సహించడం మానేసింది. భార్య రెబెకా ఇదే ఆసుపత్రిలో నర్సు. "ఏదో ఒకటి పెట్టుకుంటారులే, నీకెందుకింత బాధ" అంది. ఆ కాన్పు పిల్ల సంగతి రెబెకాకూ తెలుసు, అయినా అంది.

అప్పుడు గానీ లినక్స్ డైరీని తీరిగ్గా తిరగేయాలని తోచలేదు అతనికి. అందులో ఉంది అసలు సంగతి. ఆగిపోయిన ప్రతిరోజూ రాత్రంతా వరసగా రాసుకుంటూ వచ్చి, పొద్దున ఆరు నలభై, ఆరు నలభై అయిదు మధ్య తెగిపోయింది. జబ్బు చేసిన మిషను టైము చూసుకుని పడిపోదు. ఎవరిదో చెయ్యి పడుతోంది.

రికార్డుల గది తాళం రాత్రిపూట కాపలా నంజప్ప దగ్గర ఉంటుంది. మేలో ఒకరోజు నంజప్ప ఆ గది బెంచీ మీద పడుకుని ఉంటే ఐజాక్ పదిమందిలో తిట్టాడు. ఆ కసి తీర్చుకుంటున్నాడని అతని మనసు ఇట్టే తీర్మానం చేసేసింది. కోపంలో ఉన్నవాడికి సాక్ష్యాలతో పనేముంది? గురువారం మధ్యాహ్నం కాగితం లాక్కుని నాలుగు లైన్లు రాశాడు. పరీక్ష మిషనును ఎవరో కావాలని ఆపుతున్నారు, కాపలా నంజప్ప మీద నాకు అనుమానముంది, విచారించవలసింది.

శామ్సన్ గారు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "పేరు రాశారు, మంచిది. సెక్యూరిటీ ఏజెన్సీకి చెబుతాను. సోమవారం నుంచి వేరేచోట వేసుకుంటారు. శనివారం పదింటికి కమిటీ ఉంది, ఆలోగా రుజువు కూడా తెస్తే మీ మిషనుకే మంచిది."

రుజువు కోసం శుక్రవారం పొద్దున ఆరుంబావుకే వచ్చి, పక్కనున్న ఎక్స్‌రే ఫిల్ముల గదిలో నిలబడ్డాడు ఐజాక్. మధ్య గోడకు అద్దాల కిటికీ ఉంది. ఆరున్నరకు తాళం తీసింది నంజప్పే. తీసి, లోపలికి అడుగు కూడా పెట్టకుండా వెళ్లిపోయాడు. వెనకాలే చీపురు పట్టుకుని బాలమ్మ వచ్చింది.

బాలమ్మ కాంట్రాక్టులో ఊడ్చే మనిషి. మాలూరు దగ్గర పల్లె. యాభై అయిదు దాటి ఉంటాయి. ఐజాక్ టైపిస్టుగా చేరిన మొదటి రోజు భోజనం తెచ్చుకోకపోతే తన రాగి ముద్దలో సగం పెట్టిన మనిషి. ఆమె గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బల్లలు తుడిచింది. తర్వాత విండోస్ ముందు ఆగింది. దాని తెర నీలంగా, తెల్లటి అక్షరాలతో బిగుసుకుని ఉంది. వంగి, చిన్న బటన్ నొక్కింది. అది గునిసి గునిసి లేచి పచ్చిక బొమ్మ చూపించేదాకా చూసి తల ఊపింది. పక్కకు జరిగింది. లినక్స్ తెర నల్లగా ఉంది. దాని బటన్ కూడా నొక్కింది. తెర మీద తెల్లని అక్షరాలు వరదలా వచ్చాయి. బొమ్మ కోసం ఎదురుచూస్తూ చేతులు కట్టుకుని నిలబడింది. బొమ్మ రాలేదు.

"నీకు బాగుండల్లేదు నాయనా" అని కొంగుతో ఆ తెర తుడిచింది.

ఐజాక్ కిటికీ దగ్గర్నుంచి కదిలాడు. తలుపు తోసుకుని వచ్చి, "ఏం చేస్తా ఉండావు బాలమ్మక్కా?" అన్నాడు. ఆమెతో మాట్లాడితే అతనికి ఆ యాసే వస్తుంది.

ఆమె బెదరలేదు. "ఇంత పొద్దున్నే వస్తివే అప్పా. నీ మిషన్లు లేపతా ఉండా."

"ఎప్పట్నించి?"

"నువ్వు ఎర్ర పెన్ను పట్టుకున్న వారం కాడినుంచి. నువ్వు ఆ బటన్ నొక్కి లేపేది చూసి నేర్చుకుంటి."

"ఎందుకక్కా?"

బాలమ్మ చీపురు గోడకానించింది. బల్ల మీదున్న రిజిస్టరు చూపించింది. "నీ పుస్తకంలో ఎర్రగీతలు పడతా ఉండాయి కదప్పా. మునివెంకటమ్మకు ఏమాయనో నీకు తెలీదా? పన్నెండేండ్లు కసువు ఊడ్చిన మనిషి. బస్సు రాక లేటయి, ఆ హాజరు పుస్తకంలో పది ఎర్రగీతలు పడినాయి. పదకొండో దినం గేటు కాడే నిలిపేసిరి. నీకు మూడు పడేటప్పటికే నాకు గుండె దడ. మిషను పడుకునుంటే నువ్వు గీత పెడతావు, లేసుంటే పెట్టవు. నువ్వు వచ్చేలోపల లేపేస్తే పోతుంది గదా అనుకుంటి."

గిలాదులో హాజరు పుస్తకానికి ఎర్ర సిరా ఎంత భయమో ఐజాక్‌కు తెలుసు. తన రిజిస్టరుకు స్టోర్లో అదే ఎర్ర పెన్ను అడిగి తెచ్చుకున్నప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు.

"అది నా హాజరు కాదక్కా. మిషన్ల లెక్క అది."

"సదువు రానిదాన్ని. ఎర్ర సిరా అయితే తెలుసు."

అతను కుర్చీలో కూలబడి, నెమ్మదిగా చెప్పాడు. నీలి తెర వస్తే మిషను చచ్చిపోయినట్టు. నల్ల తెర వస్తే నిద్రపోతున్నట్టుంటుంది గానీ లోపల పనిచేస్తూనే ఉంటుంది. పనిలో ఉన్నదాన్ని అలా ఠక్కున ఆపేస్తే దాని డిస్కు దెబ్బతింటుంది.

బాలమ్మ రెండు తెరల వంకా మార్చి మార్చి చూసింది. "అంటే సచ్చిందాన్ని లేపి కూసోబెట్టి, పని చేసుకునేదాని గొంతు పిసికితినా?"

ఐజాక్ రిజిస్టరును తన వైపు లాక్కున్నాడు.

"ఆ కుడిపక్క గీతలన్నీ నావేనా అప్పా?"

"నీవి కాదు. ఇంక ఏ మిషనూ ముట్టుకోవద్దు, అంతే. ఎవురితోనూ చెప్పొద్దు."

ఆమె వెళ్లాక అతను విండోస్ డైరీ తెరిచాడు. డెబ్బై రోజుల్లో దాన్ని తెరవడం అదే మొదటిసారి. బాగున్నదాన్ని ఎందుకు చూడటం అనుకున్నాడు, తన మిషను జబ్బు తప్ప అతనికి ఇంకేమీ పట్టలేదు. ఇప్పుడు చూస్తే దాని రాత్రులన్నీ చిల్లులే. ఒంటిగంటకు ఆగి ఆరు నలభైకి లేచింది. మూడింటికి ఆగి ఆరు నలభైకి లేచింది. అలా ఇరవై ఆరు రాత్రులు లెక్కకొచ్చాయి. జులైలో బాలమ్మ ఊళ్లో దేవర జాతర అని నాలుగు రోజులు సెలవు పెట్టింది. విండోస్ కింద ఉన్న తక్కిన రెండు గీతలూ ఆ నాలుగు రోజుల్లో పడినవే. ఆ నాలుగు రోజులూ లినక్స్ చెక్కుచెదరలేదు.

రుజువు దొరికింది. తను చెప్పిందే నిజమని తేలింది. అయినా అతనికి సంతోషం వెయ్యలేదు. పొద్దున ఆరు నలభైకి చెయ్యి పడింది అని చెబితే, ఎవరి చెయ్యి అంటారు. ఊడ్చేవాళ్లు ఆసుపత్రి పరికరాలు ముట్టుకుంటే ఆరోజే కాంట్రాక్టు నుంచి తీసేస్తారు, అది రాతమూలకంగా ఉన్న రూలు.

సాయంత్రం నంజప్ప అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. "జిగణి ఫ్యాక్టరీకి వేసినారు సార్. కాడుగోడి నుంచి రెండు బస్సులు మారాల. నేను ఆ గదిలోకి పోలేదు సార్. మీరు తిట్టినప్పట్నించీ తలుపు తీసేది, తిరుక్కొనేది, అంతే." అరవైకి దగ్గరపడ్డ మనిషి తల వంచుకుని మాట్లాడుతుంటే ఐజాక్‌కు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

నోరు తెరిస్తే బాలమ్మ పోతుంది, మూసుకుంటే నంజప్ప పోతాడు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు, మోకరించి ప్రార్థించబోతే మాటలు కూడా రాలేదు.

శనివారం తొమ్మిదిన్నరకు శామ్సన్ గారి గదికి వెళ్లాడు. "నా ఉత్తరం వెనక్కిచ్చేయండి సార్. నంజప్ప కాదు."

"మరెవరు?"

"నేనే సార్. పొద్దున్నే వచ్చినప్పుడు తెర నల్లగా ఉంటే ఆగిపోయిందనుకుని బటన్ నొక్కేవాణ్ణి."

శామ్సన్ గారు కళ్లజోడు తీశారు. "ముప్పై ఎనిమిది సార్లా?"

"పొరపాటైంది సార్. అందుకని ఆ గీతలు చెల్లవు. ఇంకో తొంభై రోజులు పెట్టండి. విండోస్ డైరీ చూడండి, ఇరవై ఆరు రాత్రులు ఆగిపోయింది."

ఆయన ఐజాక్ ప్రింటు తీసి తెచ్చిన డైరీ కాగితాలు తీసుకుని శ్రద్ధగానే చూశారు. చెడ్డమనిషి కాదు ఆయన. "ఆగిపోతే పొద్దున్నే లేపిందెవరు? అదీ మీరేనా?"

"అవును సార్."

"లేపి, గీత గీయలేదా?"

తన మిషనుకు పనిగట్టుకుని గీతలు గీసి, ఎదుటి మిషనుకు ఎగ్గొట్టే మనిషి లోకంలో ఉంటాడా? ఎవరినో కాపాడుతున్నాడని ఆయనకు అర్థమైందో లేదో. అయినా ఆయన గోడ గడియారం చూశారు.

"బ్రదర్, మూడు నెలలు ఆగడానికి లేదు. ఇంకొక్క రోజు కూడా ఆగకూడదని జనవరిలో కమిటీ ముందు ఏడ్చింది మీరే. తన మిషను నడుస్తోందో ఆగిందో తెలియని మనిషి మాట మీద బ్లడ్ బ్యాంకు ఎలా పెట్టను?" కమిటీ కోసం తెప్పించుకున్న రిజిస్టరు తెరిచి, ఎర్ర పెన్నుతో లినక్స్ పేరు మీద ఒక గీత, కింద ఐజాక్ సంతకం మీద ఇంకో గీత గీశారు.

నంజప్ప జిగణి వెళ్లలేదు. బాలమ్మ చీపురు బాలమ్మ చేతిలోనే ఉంది. బ్లడ్ బ్యాంకులోకి విండోస్ వచ్చింది, ఐజాక్ మళ్లీ టైపు బల్ల దగ్గరికి వచ్చాడు. బ్లడ్ బ్యాంకు కంప్యూటరు బిగుసుకుపోకుండా దాన్ని రోజూ రెండుసార్లు ఆపి మళ్లీ నడపమని అతను పెట్టుకున్న అర్జీ మీద, బాగున్నదాన్ని కదపవద్దు అని రాసి పంపారు.

సెప్టెంబరులో ఒక పొద్దున ఎనిమిదికి ఐజాక్ ఇంకా సైకిలుకు తాళం వేస్తున్నాడు. బాలమ్మ ఎగశ్వాసతో వచ్చింది. "అప్పా, రక్తం గదిలో నీలంగా ఉండాది. సిస్టర్ బ్లెస్సీ చీటీ పట్టుకోని నిలబడుండాది, ఏం చెయ్యల్లో తెలీక ఆఫీసుకు ఫోను కొడతా ఉండాది. నువ్వు ముట్టద్దంటివి. నేను ముట్టలే."

"ఎంతసేపాయె?"

"నేను వచ్చి మూడు వార్డులు ఊడ్చినంతసేపు."

పరుగెత్తి, బటన్ నొక్కి, అది లేచేదాకా ఐజాక్ అక్కడే నిలబడ్డాడు. లెక్క వచ్చింది, సీసా వెళ్లింది. ఆపరేషన్ టేబుల్ మీదున్న ముసలాయన ఈసారికి బతికాడు. గుమ్మంలో బాలమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుని నిలబడి ఉంది. ఆ చేతుల్ని అలా కట్టేసింది తనే.

బయటికి తీసుకెళ్లి మెల్లగా చెప్పాడు. "రోజూ ఆరున్నరకు ఈ గదిలోకి ముందు రా. నీలంగా ఉంటే లేపెయ్యి."

"నల్లగా ఉంటే?"

"ఇక్కడ నల్లది లేదక్కా."

"నీకు గీత పడదు కదా?"

"పడదు."

అక్టోబరు కమిటీలో శామ్సన్ గారు సంతోషంగా నివేదిక చదివారు. బ్లడ్ బ్యాంకు కంప్యూటరు గురించి నెల రోజులుగా ఒక్క ఫిర్యాదూ లేదు. అదే మిషన్లు అకౌంట్లకూ, ఫార్మసీకీ, ఐసీయూకూ పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. శనివారం మధ్యాహ్నం ఆ మినిట్స్ టైపు చేసింది ఐజాకే. ఒక్క ఫిర్యాదూ లేదు అన్నచోట వేళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి.

ఆదివారాలు బాలమ్మకు సెలవు. ఆ రోజు పొద్దున నీలి తెరను లేపడానికి ఐజాక్ తనే వస్తున్నాడు. రేపు పలమనేరులో తమ్ముడి బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన. పెద్దనాన్నే బిడ్డను ఎత్తుకోవాలి. సాయంత్రం బస్సుకు రెండు టికెట్లు జేబులో ఉన్నాయి. ఐజాక్ టైపు కాగితం సంతకానికి పంపి, ఒక టికెట్టు తీసి బల్ల సొరుగులో వేశాడు. రెండోది రెబెకాకు ఇచ్చి ఏమని చెప్పాలో ఆలోచించుకుంటూ లేచాడు.